వయసొచ్చిన పిల్లలు, డాక్టరు గది, తల్లిదండ్రులు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. ఇరవై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద కుడి నుంచి ఎడమకు రాసిన చెయ్యి మాది. ఈ ప్రసంగం తెలుగులో ఉండాలని కార్యదర్శి గారు కోరినప్పుడు కొంచెం జంకినాము. కాని వారు చెప్పిన కారణం న్యాయమైనది. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు మీడియాల్లో చదువుతున్నారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా, అచ్చులో కనబడితే చదవగలిగేది తెలుగే. కావున మా తెలుగులో తప్పులుంటే మన్నించి, భావం మాత్రం తీసుకోవలసిందిగా మనవి.

ప్రతి ఏడూ ఈ సభలో స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్లి ఖర్చుల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డాక్టర్లు కూడా ఉన్న ఈ సభలో మాస్టరు ఆరోగ్యం గురించి ఏం చెబుతాడని మీకు అనిపించవచ్చు. మందుల సంగతి మేము ఎత్తము. డాక్టరు గదిలో కుర్చీల సంగతి చెబుతాము. ఆ గదిలో పదమూడు, పదునాలుగేళ్ల బిడ్డ కూర్చున్నప్పుడు తల్లిదండ్రులు ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఎప్పుడు లేచి బయటికి రావాలి అన్నదే నేటి విషయం.

ముందుగా జరిగిన ఒక సంగతి. ఇది చాలా ఏళ్ల కిందటి మాట. ఆ అబ్బాయి మా విద్యార్థి. ఇప్పుడు పెద్దవాడై వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. సభలో చెప్పవచ్చునా అని ఫోన్ చేసి అడిగితే, "చెప్పండి సార్, పేరు మాత్రం వద్దు. ఇంకొకడికి అట్లా జరగకుంటే చాలు" అన్నాడు. కావున పేరూ చెప్పము, సంవత్సరమూ చెప్పము. ఎవరబ్బా అని ఊహించే పని కూడా పెట్టుకోవద్దని మనవి.

అప్పుడు వాడు తొమ్మిదో తరగతి. రెండో పీరియడ్‌లో చూస్తే బెంచీ మీద ముందుకు వంగిపోయి కూర్చున్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. దగ్గరికి పోయి అడిగితే "కుచ్ నై సార్, పేట్ మే దర్ద్" అన్నాడు. ఏం లేదు సార్, కడుపునొప్పి అని. కొంచెం సేపటికి వాంతి అయింది. కబురు పంపితే వాళ్ల నాన్న అంగడి మూసుకొని వచ్చినాడు, మేనమామ స్కూటరు తెచ్చినాడు. దారిలో మెడికల్ షాపులో గ్యాసు మాత్ర కొని వేసి ఇంటికి తీసుకుపోయినారు. జొహర్ నమాజు దాటినా తగ్గలేదు. అప్పుడు ఒక చిన్న నర్సింగ్ హోముకు తీసుకుపోయినారు. క్లాసు టీచర్లం గనుక మేమూ వెంట పోయినాము.

గదిలో బల్ల అవతల డాక్టరు. ఇవతల స్టూలు మీద పిల్లవాడు. వాడి వెనక నాన్న, పక్కన మేనమామ, తలుపు దగ్గర మేము. బయట ఇరవై మంది, వాళ్లలో ఒకాయన మాటిమాటికీ కర్టెన్ ఎత్తి తన వంతు వచ్చిందా అని తొంగి చూస్తున్నాడు. "ఎక్కడ నొప్పి?" అని డాక్టరు అడిగినాడు. పిల్లవాడు తండ్రి ముఖం చూసినాడు. తండ్రి "కడుపునొప్పి సార్, నిన్న పెళ్లిలో బిర్యానీ ఎక్కువ తిన్నాడు" అన్నాడు. వాంతులెన్ని అంటే మేనమామ జవాబిచ్చినాడు. పొద్దున ఏం తిన్నాడు అంటే, బడిలో ఇడ్లీ తిన్నాడని మేము చెప్పినాము. డాక్టరు అడిగిన ప్రశ్నలు ఐదో ఆరో ఉంటాయి. వాటిలో ఒక్కదానికి కూడా పిల్లవాడు నోరు విప్పలేదు. విప్పే అవసరం మేము రానివ్వలేదు. చొక్కా మీదనే పొట్ట నొక్కి చూసి, ఇంజెక్షన్ వేసి, రెండు రకాల మాత్రలు రాసి పంపించినారు.

రాత్రి ఇషా దాటినాక, ఇక ఓర్చుకోలేక, వాళ్ల దాదీ చెవిలో నొప్పి అసలు ఎక్కడో చెప్పినాడు. ఆమె లేచి కేకలు పెట్టి పెద్దాస్పత్రికి పంపించింది. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర సర్జన్ మొట్టమొదట చేసిన పని మమ్మల్ని అందరినీ బయటికి పొమ్మనడం. పరదా లాగి, పిల్లవాడితో రెండు నిమిషాలు మాట్లాడి చూసినాడు. వృషణం మెలిపడింది అని తేల్చినాడు.

తల్లులున్న సభలో ఈ మాట అనడానికి మాకూ సంకోచంగానే ఉంది. కాని ఈ సంకోచమే ఆ పిల్లవాడికి నష్టం చేసింది గనుక చెప్పక తప్పదు. మన పెద్దలు బీజమంటారే, అది ఒక తాడులాంటి నాళం మీద వేలాడుతూ ఉంటుంది. దానికి రక్తం వచ్చేది ఆ నాళంలోనే. ఒక్కోసారి, ఏ దెబ్బా తగలకుండానే, ఆ నాళం మెలి తిరుగుతుంది. మెలి తిరిగితే రక్తం ఆగిపోతుంది. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లల్లో వస్తుంది. నొప్పి ఉన్నట్టుండి మొదలవుతుంది. ఒక్కోసారి పొత్తికడుపులో నొప్పి, వాంతి కూడా ఉంటాయి గనుక కడుపునొప్పిగా పొరబడతారు. మొదలైన 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గిపోతుంది. ఒక రోజు దాటితే దక్కడం అరుదు. మావాడికి నొప్పి ఫజర్ వేళకే మొదలైందట. రాత్రి పది దాటినాక ఆపరేషన్ బల్ల ఎక్కినాడు. ఆ ఒక్కటీ తీసివేయవలసి వచ్చింది. రెండోది మెలిపడకుండా కుట్టు వేసినారు. ఒకటి ఉన్నా పెళ్లికీ సంతానానికీ సాధారణంగా లోటు ఉండదని సర్జన్ తండ్రికి వివరంగా చెప్పినాడు. అల్లా దయ వల్ల అతను ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

ఆ రాత్రి వరండాలో వాళ్ల నాన్న మా చెయ్యి పట్టుకొని "మాస్టర్ సాబ్, కన్న తండ్రిని కదా, నాకెందుకు చెప్పలేదు వాడు?" అని ఏడ్చినాడు. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లు ఆలోచించినాక ఇప్పుడు ఉంది. కన్న తండ్రి గనుకనే చెప్పలేదు. తండ్రి ముందు సిగ్గు, మేనమామ ముందు సిగ్గు, మాస్టరు ముందు భయం. మొదట చూసిన డాక్టరును తిట్టుకోవడం సులువు. కాని ఆ గదిలో పిల్లవాడి నోటికీ డాక్టరు చెవికీ మధ్య గోడ కట్టింది మేము ముగ్గురం పెద్దవాళ్లం. మేము కూడా అందులో ఒక ఇటుకమే.

ఆలోచించండి. పిల్లలకు ఏడేళ్ల నుంచీ హయా నేర్పుతాము. ఒళ్లు కప్పుకో అంటాము, ఆ మాటలు అనకూడదు అంటాము. మంచిదే. అట్లా పెంచిన బిడ్డను ఒకరోజు డాక్టరు ముందు కూర్చోబెట్టి, చుట్టూ మనం నిలబడి, "చెప్పు, చెప్పు, ఎక్కడ?" అంటాము. మనం నేర్పిన సిగ్గే వాడి నోరు నొక్కుతుంది. ఆ సిగ్గు చెడ్డది కాదు. దానికి తగిన చోటు మనం చూపించలేదు, అంతే.

ఇది కొత్తగా పడమటి దేశాల నుంచి వచ్చిన ఆలోచన అని కొందరు అనవచ్చు. సూరె నూర్‌లో 58, 59 వాక్యాల భావం మనందరికీ తెలిసిందే. ఇంట్లోని చిన్నపిల్లలు కూడా ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తరువాత పెద్దల గదిలోకి అనుమతి అడిగి రావాలని, పిల్లలకు వయసొచ్చినాక అన్ని వేళలా అనుమతి అడగాలని అక్కడ చెప్పబడింది. ఒకే కప్పు కింద ఉన్నవాళ్ల మధ్య కూడా ఒక తెర ఉండాలన్నది మన ఇంటి అదబులోనే ఉన్నది. వయసొచ్చినాక ఆ తెర పిల్లలకూ వర్తించాలని మా మనవి. మన గది తలుపు వాళ్లు తట్టాలని కోరుకునే మనం, వాళ్ల శరీరానికి సంబంధించిన మాటల తలుపు తట్టకుండా చొరబడడం న్యాయమా?

ఇక మన ఇళ్లలో కనబడే ఇంకొక ఇబ్బంది ఉన్నది, అది భాష. మన తల్లుల్లో చాలామందికి డాక్టరుతో తెలుగులో సరిగా మాట్లాడడం రాదు. కావున బడికి పోయే కూతుర్నో కొడుకునో వెంట తీసుకుపోతారు. తల్లికి గర్భసంచి బాధ అయితే పదమూడేళ్ల కొడుకు దాన్ని తెలుగులోకి మార్చి చెప్పాలి. ఆ తల్లి ఏం చెప్పుకుంటుంది? సగం మింగుతుంది. అట్లే కూతురికి బాగాలేకపోతే, తల్లి ఉర్దూలో అడగడం, కూతురు తల్లికే జవాబు చెప్పడం, దాన్ని పక్కింటి ఆమె తెలుగు చేయడం. మూడు నోళ్లు మారిన మాట డాక్టరు చీటీలో ఏమై కూర్చుంటుందో ఆ దేవునికే తెలియాలి. గోప్యత లేక పిల్లలు నష్టపోతున్నట్టే తల్లులూ నష్టపోతున్నారు. ఇది రెండువైపులా ఉన్న బాధ.

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో వందకు 59 మందికి రక్తహీనత ఉన్నది. మగపిల్లల్లో వందకు 31. బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్ర దీని కోసమే. దాన్ని మింగినట్టు నటించి కిటికీలోంచి విసిరేసే పిల్లలను మేము చూస్తూనే ఉన్నాము. సరే, మాత్ర సంగతి అట్లుంచి, కారణం ఏమిటని డాక్టరు అడిగితే తెలియాలి కదా. నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది? ఏడు రోజులు దాటుతుందా? గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి వస్తుందా? ఈ ప్రశ్నలకు పిల్ల బదులు తల్లి "అంతా మామూలే డాక్టరమ్మా" అంటుంది. ఆ తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు తెలియదు. పిల్ల చెప్పలేదు. ఒకవేళ తండ్రి కూడా గదిలో ఉంటే ఆ పిల్ల నేల చూస్తుంది తప్ప నోరు విప్పదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాము. దీనికీ అనుమతి తీసుకున్నాము. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు తరచు తలనొప్పి అనేది, తిండి తగ్గించింది. మా ఇంట్లో ఆమె పిల్లను ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినారు. డాక్టరమ్మ మొదట ఇద్దరితోనూ మాట్లాడి, తరువాత "అమ్మా, మీరు పది నిమిషాలు బయట కూర్చోండి. నేను పాపతో మాట్లాడి మళ్లీ పిలుస్తాను. ఈ వయసు పిల్లలందరితోనూ ఇట్లాగే చేస్తాను" అన్నదట. మా ఇంట్లో ఆమె ఆ పది నిమిషాలు బెంచీ మీద ఎట్లా కూర్చున్నారో గాని, ఇంటికి వచ్చినాక బురఖా కూడా తీయకుండా ఏడ్చినారు. "తొమ్మిది నెలలు మోసిన నాకు చెప్పనిది, ఫీజు తీసుకునే మనిషికి చెబుతుందా?" అన్నారు. నిజం చెప్పాలంటే మాకూ కోపం వచ్చింది. పిల్లను పిలిచి "ఏమడిగింది, ఏం చెప్పినావు?" అని గద్దించబోయినాము. అప్పుడు ఆ స్టూలు మీద కూర్చున్న పిల్లవాడు మా కళ్ల ముందు మెదిలినాడు. నోరు మూసుకున్నాము.

ఆ పది నిమిషాల్లో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు ఈనాటికీ తెలియదు. తెలిసినవి మాత్రం రెండు. ఒకటి, డాక్టరమ్మ మళ్లీ తల్లిని లోపలికి పిలిచి, పిల్ల ముందే, రక్త పరీక్ష చేయించాలని, పరీక్షల భయం కొంత ఉన్నదని, రాత్రి త్వరగా పడుకోనివ్వమని చెప్పింది. రెండు, నెల తిరిగేసరికి పిల్ల తిండి తినసాగింది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఉల్లిగడ్డలు తరుగుతూ వాళ్ల అమ్మీతో తనంతట తాను ఏదో చెప్పింది. మేము వరండాలో ఉన్నాము. లోపలికి పోలేదు. ఏమిటని మా ఇంట్లో ఆమెను అడగనూ లేదు. తలుపు తెరిచి పెడితే బిడ్డ పారిపోతుందని భయపడినాము. తెరిచి పెట్టినందుకే లోపలికి వచ్చింది.

అయితే తల్లిదండ్రుల పని గది బయట కూర్చోవడమేనా? కానే కాదు. మనకు తెలిసినవి పిల్లలకు తెలియవు. నానాకు షుగరు, దాదాకు గుండెజబ్బు, చిన్నప్పుడు ఏ ఇంజెక్షన్ పడలేదు, ఏ టీకాలు వేయించినాము, మేనరికం ఉన్నదా, ఇంట్లో ఎవరికైనా మూర్ఛలున్నాయా, ఇవన్నీ చెప్పవలసింది మనమే. కావున మేము అనుభవం మీద చెప్పే పద్ధతి ఇది. మొదట అందరూ కలిసి కూర్చోవాలి. మనకు తెలిసింది మనం చెప్పాలి. తరువాత పిల్లలను డాక్టరుతో పది నిమిషాలు వదలాలి. డాక్టరు అడగకపోతే మనమే "సార్, మీరు వీడితో మాట్లాడండి, మేము బయట ఉంటాము" అని లేవాలి. మనం లేస్తే బిడ్డకు అనుమతి దొరికినట్టు అవుతుంది. చివరకు మళ్లీ లోపలికి పోయి మందులు, పత్యం, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నది కలిసి వినాలి.

ఇందులో ఒక జాగ్రత్త ఉన్నది. మాట్లాడడం వేరు, ఒళ్లు పరీక్ష చేయడం వేరు. మాటలకు ఏకాంతం కావాలి. పరీక్షకు తోడు కావాలి. ఆడపిల్లను పరీక్ష చేసేటప్పుడు తల్లి గాని నర్సు గాని దగ్గర ఉండాలని అడగడం మన హక్కు, మగపిల్లవాడు అడిగినా తప్పు లేదు. ఎవరు తోడుండాలో బిడ్డనే అడగండి. అమ్మీ ఉండాలా, ఖాలా ఉండాలా, నర్సు చాలా? 2012 నాటి పోక్సో చట్టంలో, అఘాయిత్యానికి గురైన బాలికను మహిళా డాక్టరే పరీక్షించాలని, తల్లిదండ్రులో లేక ఆ బిడ్డకు నమ్మకం ఉన్న మరొకరో దగ్గర ఉండాలని 27వ సెక్షన్‌లో ఉన్నది. చట్టం కూడా బిడ్డ నమ్మకాన్ని లెక్కలోకి తీసుకున్నది. రక్త సంబంధం పుట్టుకతో వస్తుంది. నమ్మకం మాత్రం మనం సంపాదించుకోవాలి.

"డాక్టరు మా పిల్లల రహస్యాలన్నీ దాచిపెడితే ప్రమాదం కాదా?" అని ఒక పెద్దమనిషి మొన్న మసీదు మెట్ల మీద మమ్మల్ని అడిగినారు. న్యాయమైన ప్రశ్న. దాచడానికి హద్దులున్నాయి. రోగి రహస్యాన్ని బయట పెట్టకూడదని 2002 నాటి వైద్యుల నీతి నియమావళి చెబుతుంది. కోర్టు ఆజ్ఞ ఉంటే, ఇతరుల ప్రాణానికి గట్టి ప్రమాదం ఉంటే, ప్రభుత్వానికి తెలపవలసిన అంటురోగమైతే మినహాయింపు ఉన్నది. పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డ మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసుకు తెలపడం డాక్టరుకు విధి. బిడ్డ ప్రాణం తీసుకోవాలని ఆలోచిస్తున్నదని తెలిస్తే ఏ మంచి డాక్టరూ తల్లిదండ్రులకు చెప్పకుండా ఇంటికి పంపడు. మంచి డాక్టర్లు ఈ హద్దులను మొదటే పిల్లలకు చెప్పి మాట్లాడతారు. ఇవి పోగా మిగిలిన చిన్నచిన్న సంగతులు, అంటే మొటిమలు, నెలసరి, మగపిల్లల రాత్రి భయాలు, పరీక్ష భయం, ఒకసారి స్నేహితులతో కాల్చిన సిగరెట్టు, ఇవి డాక్టరు దగ్గర అమానత్‌గా ఉంటే మనకు వచ్చే నష్టం లేదు.

సంతకం సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో మేజరు అయ్యేది 18 ఏళ్లకు. ఆపరేషన్ వంటిది అయితే ఆ వయసు నిండనివాళ్లకు ఆస్పత్రులు తల్లిదండ్రుల సంతకమే అడుగుతాయి. 1860 నాటి శిక్షాస్మృతిలో గాని, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గాని 12 ఏళ్ల లోపు పిల్లల సమ్మతి చెల్లదు. ఇంగ్లండులో 1985లో గిలిక్ కేసు అని ఒకటి నడిచింది. పదహారేళ్లు నిండని పిల్లలకు విషయం పూర్తిగా అర్థమయ్యే తెలివి ఉంటే చికిత్సకు తామే సమ్మతి ఇవ్వవచ్చునని అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. అక్కడ స్థిరపడిన మన బంధువులు ఇది విని గాభరా పడుతుంటారు. మన చట్టం అంతదూరం పోలేదు. మేము కూడా సంతకం పిల్లల చేతికి ఇమ్మని అడగడం లేదు. చెప్పుకోవడానికి పది నిమిషాలు ఇమ్మంటున్నాము. సంతకం మనదే, ఖర్చు మనదే, రాత్రంతా మేలుకొని తడిగుడ్డ వేసేదీ మనమే. ఆ పది నిమిషాలు మాత్రం వాళ్లవి.

డాక్టరు గది దాటినాక మన వల్ల జరిగే తప్పు ఇంకొకటి ఉన్నది. బిడ్డకు వచ్చిన జబ్బును బంధువుల్లో పంచడం. పెళ్లి పందిట్లో కూర్చొని "మా పాపకు రెండు నెలలుగా నెలసరి రాలేదు, గడ్డలేవో ఉన్నాయన్నారు" అని ఫూఫీతో అంటాము. ఆ పిల్ల పక్కనే పళ్లెం పట్టుకొని నిలబడి ఉంటుంది. ఇంతకుముందు మాట నాలుగిళ్లు దాటేది. ఇప్పుడు రక్త పరీక్ష చీటీ ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాము, ఎవరైనా తెలిసిన డాక్టరుకు చూపిస్తారని. దుబాయిలో మామ చూస్తాడు, హైదరాబాదులో కాబోయే వియ్యంకులు చూస్తారు. అంతటితో ఆ బిడ్డ మళ్లీ మనకు ఏ నొప్పీ చెప్పదు. చెబితే ఊరంతా తెలుస్తుందని దానికి మనమే పాఠం నేర్పినాము. మాస్టర్లం గనుక చెబుతున్నాము, పిల్లలు ఒక్కసారితో నేర్చుకునే పాఠాలు ఇట్లాంటివే.

కొన్ని వసతుల సంగతి కూడా. కేంద్ర ప్రభుత్వం 2014 జనవరి 7న రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ మొదలుపెట్టింది. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రత్యేకంగా క్లినిక్కులు నడపాలని, అక్కడ గోప్యత పాటించాలని ఆ పథకంలో ఉన్నది. మీ దగ్గరి ఆస్పత్రిలో అది ఏ రోజు, ఏ గదిలో ఉన్నదో అడిగి తెలుసుకోండి. మనసు బాధలకు 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ఉన్నది, నంబరు 14416. పిల్లల ఆపదకు 1098. ఈ రెండు నంబర్లూ మా తరగతి గదిలో బల్ల పక్కన రాసిపెట్టినాము. మీ ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టండి. ఎందుకని అడగకుండా పిల్లల కంటబడే చోట ఉంటే చాలు.

చివరగా మన సంఘానికి మూడు విన్నపాలు చేసుకుంటున్నాము. మొదటిది, మనం ఏటా పెట్టే వైద్య శిబిరంలో డాక్టరు బల్లలన్నీ ఒకే షామియానా కింద వరుసగా వేస్తున్నాము. మన కుర్ర వాలంటీరు మైకులో "ఆడవాళ్ల సమస్యలు ఉన్నవాళ్లు ఈ లైనులో" అని అరిచినాడు. ఆ లైనులోకి పెళ్లి కాని పిల్ల ఒక్కతి కూడా రాలేదు. ఈసారి రెండు బల్లలకైనా పరదా కట్టిద్దాము, మైకులో పేరూ జబ్బూ చదవవద్దు, టోకెన్ నంబరు పిలిస్తే చాలు. రెండవది, తెలుగు, ఉర్దూ రెండూ బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురు స్త్రీలు, మన టీచర్లలోనే ఉన్నారు, శిబిరంలో తల్లులకు మాట సాయం చేయాలి. చుట్టరికం లేనివాళ్లు అయితే మరీ మంచిది. విన్నమాట అక్కడే మరిచిపోతామని మొదటే ఒప్పుకోవాలి. మూడవది, పదమూడేళ్లు దాటిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ డాక్టరుతో ఒంటరిగా కొంతసేపు ఇస్తామని శిబిరం చీటీ మీదనే అచ్చు వేయిద్దాము. అందరికీ ఒకటే నియమం అయితే, "వీడిని ఒక్కడినే ఎందుకు ఉంచినారు?" అన్న అనుమానం ఎవరికీ రాదు. పరదా బట్ట ఖర్చు మేము భరిస్తాము.

ఆ అబ్బాయి ఫోన్ పెట్టేసే ముందు ఇంకొక మాట అన్నాడు. "సార్, మా పెద్దోడికి పన్నెండు నిండినాయి. నిన్న వాడితో అన్నాను, నొప్పి ఎక్కడున్నా నాకు చెప్పు, నాకు చెప్పలేకపోతే డాక్టరుకు చెప్పు, నేను బయట కూర్చుంటాను అని." ఆ తండ్రికి ఈ పాఠం మేము చెప్పలేదు. తన ఒంటి మీద నేర్చుకున్నాడు. మన పిల్లలు అట్లా నేర్చుకోనవసరం లేకుండా చేయడమే మన బాధ్యత.